పసిఫిక్ మీద అనుమానపు పక్షి

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళే రోడ్డు పేరు హెగెన్‌బర్గర్ రోడ్డు. నేను ఈ బే ఏరియాకి, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలకి, వచ్చి పదకొండేళ్ళయింది. ఆ దారిన ఎన్నిసార్లు పోయి ఉంటానో లెక్కలేదు గానీ, అది ఎవరి పేరన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. మా పిల్లలకి అది బర్గర్ల రోడ్డు. పేరుకి తగ్గట్టు అక్కడొక పెద్ద బర్గర్ల దుకాణం కూడా ఉండేది. పార్కింగులో కార్ల అద్దాలు పగలగొట్టే దొంగల బెడద పడలేక 2024లో మూసేశారు. ఇవాళ హెగెన్‌బర్గర్ అనగానే ఇక్కడివాళ్ళు చెప్పే మాట ఒకటే: కార్లో బ్యాగులు వదలొద్దు.

పోయిన వేసవిలో ఇంటిల్లిపాదీ హవాయి బయల్దేరాం. నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి, పక్కవాడు నడుపుతుంటే కాలితో ఉత్త బ్రేకులు వేస్తూనే ఉంటాడు. ఇండియా నుంచి వచ్చి రెండు నెలలైనా చేతి వాచీ మాత్రం అక్కడి టైములోనే ఉంది, మార్చనివ్వడు. ఫోన్లో ఆడగొంతు హెగెన్‌బర్గర్ రోడ్డు మీదికి తిరగమంది. "ఎవర్రా ఈయన?" అన్నాడు నాన్న. "ఎవరో పాత మేయరై ఉంటాడ్లే నాన్నా" అన్నాను.

మేయరు కాదు. గేటు దగ్గర కూర్చుని వెతికితే తెలిసింది. మేము ఐదు గంటల్లో దాటబోతున్న సముద్రాన్ని, 1927లో మొట్టమొదటిసారి ఏకబిగిన దాటిన విమానానికి దారి చెప్పినాయన. అమెరికా సైన్యంలో లెఫ్టినెంట్ ఆల్బర్ట్ హెగెన్‌బర్గర్. ఆ విమానం లేచింది కూడా ఈ ఓక్లాండ్ నుంచే. దాని కోసమే బే ఒడ్డున మూడు వారాల్లో ఏడువేల అడుగుల రన్‌వే చదును చేశారట.

అప్పట్నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చదివినకొద్దీ, విమానాల కథ మనకి చెప్పే పద్ధతి మీద నాకొక పేచీ మొదలైంది. మామూలుగా ఆ కథ ధైర్యం గురించి ఉంటుంది. కాస్త తెలిసినవాళ్ళు చెబితే నమ్మకం గురించి ఉంటుంది: పైలట్లు తమ ఒంటిని నమ్మడం మానేసి యంత్రాన్ని నమ్మడం నేర్చుకున్నారు, అందుకే మనం ఇవాళ క్షేమంగా తిరుగుతున్నాం, అని. హెగెన్‌బర్గర్ జీవితంలో నాకు కనబడేది ఈ రెండూ కాదు. ఆయన ఒట్టి అనుమానం మనిషి. ఒంటినీ నమ్మలేదు, యంత్రాన్నీ నమ్మలేదు.

ఒక డిగ్రీకి నలభై మైళ్ళు

1895లో బోస్టన్‌లో పుట్టాడు. ఎంఐటీలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతూ, 1917లో యుద్ధం రాగానే సైన్యపు విమాన విభాగంలో చేరాడు. యుద్ధం అయ్యాక ఒహాయోలోని మెకుక్ ఫీల్డ్‌లో పరికరాల విభాగం చూసుకున్నాడు. దిక్సూచులు, నక్షత్రాల ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్లు, గాలి ఎంత పక్కకి నెడుతోందో కొలిచే మీటర్లు. అప్పటి పైలట్లకి దారంటే రైలు పట్టాలే. పట్టాలు పట్టుకుని పోవడం, అనుమానమొస్తే కిందికి దిగి స్టేషన్ బోర్డు చదువుకోవడం. సముద్రం మీద స్టేషన్లుండవు.

ఓక్లాండ్ నుంచి హవాయిలోని ఒవాహు ద్వీపం దాదాపు 2,400 మైళ్ళు. పైలట్లకి కంఠతా వచ్చే లెక్కొకటుంది: అరవై మైళ్ళు పోతే ఒక డిగ్రీ తప్పుకి ఒక మైలు పక్కకి పడతావు. అంటే హవాయి దగ్గరికొచ్చేసరికి డిగ్రీకి నలభై మైళ్ళు. దీనికి గాలి తోడు. గంటకి వంద మైళ్ళు పోయే విమానానికి ఇరవై మైళ్ళ గాలి పక్కనుంచి కొడితే పదకొండు డిగ్రీలు జరుగుతుంది. గోదావరి దాటించే పడవవాడు ఎదుటి రేవుకి సూటిగా గురిపెట్టడు కదా, వాలు చూసుకుని పైకి పెడతాడు. అతనికి ఎదుటి ఒడ్డు కనిపిస్తూ ఉంటుంది. ఇక్కడ పాతిక గంటలపాటు ఏ ఒడ్డూ కనబడదు.

రెండేళ్ళ ముందు, 1925లో, అమెరికా నేవీ వాళ్ళు ఇదే దారిలో సముద్రం మీద వాలే విమానాన్ని పంపారు. కమాండర్ జాన్ రోడ్జర్స్ అనే ఆయన నాయకుడు. పెట్రోలు అయిపోవస్తుంటే దారి పొడవునా నిలబెట్టిన ఓడల్లో ఒకదాన్ని రేడియోలో దిక్కు అడిగారు. వచ్చిన దిక్కు తప్పు. దాన్నే పట్టుకుని పోయి నడిసముద్రంలో దిగిపోయారు. తర్వాత తొమ్మిది రోజులు, రెక్కల గుడ్డ చింపి తెరచాప కట్టి, 450 మైళ్ళు తేలుతూ కవాయి ద్వీపం దాకా వచ్చారు. అదో అద్భుతమైన కథ, దానికి వేరే వ్యాసం రాయాలి. నమ్మి చెడినవాడు లేడంటారు మనవాళ్ళు. ఆ ఐదుగురూ ఒక్క రేడియో మాటని నమ్మి చెడ్డారు.

హెగెన్‌బర్గర్ ఈ ప్రయాణానికి అనుమతి కోసం ఏళ్ళ తరబడి పైవాళ్ళని అడుగుతూనే ఉన్నాడు. 1927 జూన్ 28 ఉదయం ఏడు దాటాక బయల్దేరారు. మూడు ఇంజన్ల ఫోకర్ విమానం, పేరు బర్డ్ ఆఫ్ పారడైజ్, అంటే స్వర్గపు పక్షి. లోపల 1,100 గ్యాలన్ల పైచిలుకు పెట్రోలు. నడిపేది లెఫ్టినెంట్ లెస్టర్ మేట్లాండ్, దారి చూసేది ఈయన.

ఆ తర్వాత జరిగింది చదువుతుంటే ఇంటి పనిమనుషులు ఒకరి తర్వాత ఒకరు మానేసిన పండగరోజు గుర్తొచ్చింది నాకు. సరికొత్త విద్యుత్ దిక్సూచి, ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ వాడిన రకమే, కొద్దిసేపటికే పనిచేయడం మానేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక రేడియో స్టేషను, హవాయిలోని మావీలో ఒకటి పెట్టి సైన్యం ప్రత్యేకంగా రేడియో దారి వేసింది, విమానం గీత తప్పిందో లేదో చెవికి వినిపించేలా. ఆ రిసీవరు కాసేపు పలికి మూగబోయింది, మళ్ళీ కాసేపు పలికి మళ్ళీ పోయింది. రాత్రి మబ్బుల పైకెక్కితే నడిమి ఇంజను కార్బురేటర్‌కి మంచు పట్టి ఆగిపోయింది, కింద వెచ్చటి గాలిలోకి దిగాక గానీ అందుకోలేదు. ఇంత జరుగుతున్నా ఆయన దగ్గర ఇంకా ఏదో ఒకటి మిగిలే ఉంది. మామూలు అయస్కాంత దిక్సూచి ఉంది. నీళ్ళలోకి పొగబాంబు వదిలి, ఆ పొగ వెనక ఏ వాలున కనిపిస్తుందో చూసి గాలిని లెక్కకట్టే పద్ధతి ఉంది. సెక్స్‌టెంట్, నక్షత్రాలు ఉన్నాయి. గ్రీనిచ్ టైముకి పెట్టి, ఎక్కడికెళ్ళినా ముల్లు మార్చని గడియారం ఉంది. రేడియో పలికినప్పుడు కూడా దాన్ని తన లెక్కతో సరిచూసుకున్నాడు.

ఒక చిన్న సంగతి నన్ను బాగా నవ్వించింది. ఇద్దరికీ తిండి, తాగడానికి నీళ్ళు విమానంలో పెట్టారు. ఎక్కడ పెట్టారో వీళ్ళకి తెలీదు. ప్రయాణమంతా వెతికినా దొరకలేదు. అవి ఆయన మ్యాపులు పరుచుకున్న బల్ల కింద, టార్పాలిన్‌లో చుట్టి ఉన్నాయి. పసిఫిక్‌లో ద్వీపాన్ని వెతికి పట్టుకున్న మనిషి కాళ్ళ దగ్గరున్న మూటని పట్టుకోలేక ఆకలితో మాడాడు.

తెల్లవారుజామున మూడు దాటాక కవాయి ఉత్తరపు కొసన ఉన్న కిలవేయా లైట్‌హౌసు వెలుగు కనిపించింది. (అగ్నిపర్వతం కిలవేయా వేరు, అది మరో ద్వీపంలో ఉంది.) మబ్బూ కొండలూ ఉన్నాయి, చీకట్లో ఒవాహు మీదికి పోవడం మంచిది కాదని వెలుగు వచ్చేదాకా అక్కడే చక్కర్లు కొట్టారు. ఇరవై ఐదు గంటల యాభై నిమిషాలు పట్టింది మొత్తం. దారి దొరికాక కూడా తొందరపడకుండా గాల్లో తిరుగుతూ కూర్చున్న ఆ గంటలే నాకు మొత్తం ప్రయాణంలో ఇష్టమైన భాగం.

ఇందులో అదృష్టం ఎంత?

ఇక్కడ నాకే కొన్ని అనుమానాలున్నాయి. కవాయి ప్రధాన ద్వీపాల్లో ఉత్తరపు చివరిది. అది దాటితే ఉన్నదంతా నీళ్ళే. మావీ రేడియో వైపు పోవలసిన విమానం అంత ఉత్తరంగా వెళ్ళి ఆ లైట్‌హౌసుని చూసిందంటే, అది లెక్క గొప్పదనమా, బతుకు బాగుండటమా? ఇంకో యాభై అరవై మైళ్ళు జరిగి ఉంటే ఇవాళ ఆ రోడ్డుకి వేరే పేరుండేది.

రెండో పేచీ లిండ్‌బర్గ్‌తో. ఐదు వారాల ముందే ఆయన ఒక్కడే, నావిగేటరు లేకుండా, సెక్స్‌టెంట్ లేకుండా, రేడియో లేకుండా అట్లాంటిక్ దాటాడు. ఐర్లండ్ తీరంలో అనుకున్న చోటికి మూడు మైళ్ళ దూరంలో తేలాడు. మరి ఈ సరంజామా అంతా దేనికి? చాలాకాలం నాకు దీనికి జవాబు దొరకలేదు. ఒక జవాబు, యూరప్ తప్పిపోయేంత చిన్నది కాదు, హవాయి తప్పిపోతుంది. ఇంతకన్నా మంచి జవాబు లిండ్‌బర్గే ఇచ్చాడు. 1928 ఫిబ్రవరిలో హవానా నుంచి రాత్రిపూట వస్తూ, రెండు దిక్సూచులూ మొరాయించి, ఫ్లోరిడా అనుకుని బహామాస్ మీద తేలాడు. వచ్చాక చేసిన పని, ఫిలిప్ వీమ్స్ అనే నేవీ అధికారి దగ్గర విద్యార్థిలా కూర్చుని నక్షత్రాల నావిగేషన్ నేర్చుకోవడం. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న మనిషి అలా మళ్ళీ బడికెళ్ళడం చిన్న విషయం కాదు.

మూడోది, హెగెన్‌బర్గర్ వెనక ప్రభుత్వం ఉంది. ఆ ఆగస్టులో అనాసపండ్ల వ్యాపారి జేమ్స్ డోల్ 25,000 డాలర్ల బహుమతి పెట్టి ఓక్లాండ్ నుంచి హవాయికి పందెం నడిపాడు. పందెం రోజు ఎనిమిది విమానాలు బారులు తీరితే చేరినవి రెండు. ముందు ప్రమాదాలూ, పందెమూ, తప్పిపోయినవాళ్ళ వెతుకులాటా కలిపి పదిమంది పోయారు. గెలిచిన విమానంలో ఉన్నది నేవీ నావిగేటరూ, సైన్యం వేసిన రేడియో దారిని వినే రిసీవరూ. పోయినవాళ్ళకి అనుమానం లేదని, అజాగ్రత్త అని చెప్పడం చాలా తేలిక. అనుమానపడటానికి కూడా డబ్బు కావాలి. రెండో దిక్సూచికి, మూడో ఇంజనుకి, పదేళ్ళ జీతానికి ఎవరో డబ్బు కట్టాలి. ఈ ముక్క ఒప్పుకోకుండా ఆయన్ని పొగిడితే అన్యాయం.

నాన్నతో ఇదంతా చెబితే అంతా విని, "అయితే ఆయన కండక్టరన్నమాట" అన్నాడు.

"కండక్టరు దారి చూపించడు కదా నాన్నా."

"మంచులో చూపిస్తాడు."

విజయవాడ నుంచి హైదరాబాదు నైటు సర్వీసు నడిపేటప్పుడు, సూర్యాపేట దగ్గర ఒక జనవరి తెల్లవారుజామున బానెట్ ముందు ఏమీ కనబడనంత మంచు కమ్మేసిందట. కండక్టరు ఫుట్‌బోర్డు మీద టార్చిలైటుతో వేలాడుతూ రోడ్డు అంచు చూసి "రైట్ రైట్" అంటే పోనివ్వడం, "హోల్డాన్" అంటే తొక్కిపట్టడం. "నాకేమో పోతాంలే అనే ఉంది. వాడే పిరికోడు, అడుగడుక్కీ ఆపించాడు. లారీ ఒకటి రోడ్డుకడ్డంగా ఆగి ఉంది, వాడు చూడబట్టి బతికాం." కాసేపాగి ఇంకో మాట కూడా అన్నాడు: "అట్టాగని వాడికి స్టీరింగిస్తే బస్సు డిపో దాటదు."

ఈ మాటకి నా దగ్గర ఎదురు లేదు. అనుమానం, నమ్మకం ఒకే బుర్రలో పెట్టుకుని పాతిక గంటలు నడపడం కష్టం. మేట్లాండ్ కూడా కావాలి. (ఆ మేట్లాండ్ చివరి రోజుల్లో చర్చిలో ఫాదరయ్యాడు. నమ్మకం ఆయన శాఖే అనుకోవాలి.)

గుడ్డ కప్పుకుని దిగడం

హెగెన్‌బర్గర్ రోడ్డు ఎయిర్‌పోర్టు దగ్గర డూలిటిల్ డ్రైవ్‌ని దాటుతుంది. ఆ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇప్పుడు నవ్వొస్తుంది, ఎందుకంటే బయటి లోకం కనబడకుండా విమానం నడిపిన మొదటి ఇద్దరు అక్కడ ఎదురుపడ్డారు. మబ్బులో చిక్కుకున్న పైలట్‌కి చెవిలోపలి భాగం అబద్ధం చెబుతుంది. ఒకవైపు తిరుగుతూ ఉంటే కాసేపటికి సూటిగా పోతున్నట్టే ఉంటుంది. నిజంగా సూటిగా పెడితే రెండోవైపు పడిపోతున్నట్టు ఉంటుంది. 1929 సెప్టెంబరులో జేమ్స్ డూలిటిల్ కాక్‌పిట్ మీద ముసుగు కప్పుకుని లేచి, తిరిగి, దిగాడు. అయితే ముందు సీట్లో బెన్ కెల్సీ అనే లెఫ్టినెంట్ కళ్ళు తెరుచుకుని కూర్చున్నాడు, అవసరమైతే అందుకోవడానికి. 1932 మే 9న డేటన్‌లో హెగెన్‌బర్గర్ అదే పని ఒంటరిగా చేశాడు. ముందు సీట్లో ఎవరూ లేరు.

ఇక్కడ నా వాదన కాస్త కుంటుతుంది. అంత అనుమానం మనిషి, కాపలా మనిషిని ఎందుకు దింపేశాడు? ధైర్యం చూపించుకోవడానికి అనుకుంటే కథ మారిపోతుంది. నాకు తోచేది, ఇంకొకడు కళ్ళు తెరుచుకుని కూర్చున్నంతసేపూ ఆ పద్ధతి పనిచేసిందా, ఆ మనిషి భరోసా పనిచేసిందా అన్నది తేలదు. ఆయన తన పద్ధతినే అనుమానించాడు. ఇది నా ఊహే.

ఆ పద్ధతికి 1934 సంవత్సరపు కోలియర్ ట్రోఫీ, అమెరికాలో విమానయానానికిచ్చే పెద్ద బహుమతి, వచ్చింది. కానీ ఇవాళ ఐఎల్‌ఎస్‌లో, అంటే రన్‌వే కనబడకపోయినా రేడియో సాయంతో దిగే ఏర్పాటులో, విమానాన్ని ఏటవాలుగా కిందికి దించే కిరణం ఆయనది కాదు, అది బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళ పని. ఇంకా చేదు సంగతి అదే 1934లోది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రైవేటు కంపెనీల ఎయిర్‌మెయిల్ కాంట్రాక్టులు రద్దుచేసి ఉత్తరాల మోత సైన్యానికి అప్పగించాడు. చలికాలం, రాత్రులు, మంచు తుపానులు. కొద్ది వారాల్లో డజనుమంది దాకా సైనిక పైలట్లు చనిపోయారు. చాలామందికి మీటర్లు చూసి నడపడం సరిగ్గా రాదు, కొన్ని విమానాల్లో ఆ మీటర్లే లేవు. రెండేళ్ళ క్రితం గుడ్డ కప్పుకుని ఒంటరిగా దిగినాయన ఉన్న సైన్యమే ఇది. ఒక మనిషికి తెలిసింది సంస్థకి తెలిసినట్టు కాదు. మన ఆఫీసుల్లో రోజూ చూసేదే ఇది, కాకపోతే అక్కడ ప్రాణాలు పోవు.

తర్వాతి ఉద్యోగం త్వరగా చెప్పేస్తాను. రెండో ప్రపంచ యుద్ధం, మేజర్ జనరల్ హోదా, 1945లో టెన్త్ ఎయిర్‌ఫోర్స్ నాయకత్వం. చివరి ఉద్యోగం మాత్రం ఆయన స్వభావానికి కొలిచి కుట్టినట్టుంటుంది: వేరే దేశం దొంగచాటుగా అణుబాంబు పేలుస్తే గాలిలో ధూళిని బట్టి పట్టుకునే విభాగాన్ని నిలబెట్టడం. రష్యాకి బాంబు రావడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుందని పెద్దలంతా ధీమాగా ఉన్న రోజులవి. 1949లో ఈయన రిటైరయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో, ఆ విభాగం కోసం ఎగిరే విమానం వడపోత కాగితానికి రష్యా బాంబు ధూళి అంటుకుంది.

మూడు యంత్రాలూ బాగానే ఉన్నాయి

ఆయన 1983 ఆగస్టు చివర్లో, ఎనభై ఏడేళ్ళ వయసులో పోయాడు. సరిగ్గా అదే సమయానికి అలాస్కా నుంచి సియోల్ పోతున్న కొరియా విమానం, 007 నంబరుది, దారి తప్పి రష్యా మీదికి పోయింది. వాళ్ళు కూల్చేశారు. 269 మంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ విమానంలో దారి చెప్పే యంత్రాలు ఒకటి కాదు, మూడున్నాయి. పనిచేస్తూనే ఉన్నాయి. ఆటోపైలట్‌ని మాత్రం వాటికి తగిలించలేదు, అది ఒకే దిక్కుకి పోయే పద్ధతిలో ఉండిపోయింది. ఐదు గంటల పైన, అంతకంతకూ పక్కకి జరుగుతూ. కాక్‌పిట్‌లో ఎవరికీ అనుమానం రాలేదు. అంటే రెండో దిక్సూచి, మూడో రేడియో పెట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు. ఇన్నాళ్ళూ నేను హెగెన్‌బర్గర్ గొప్పతనమంతా ఆ సరంజామాలో చూశాను, కొంత పొరబడ్డాను. ఆయన ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచూస్తూ రాత్రంతా కూర్చున్నాడు, పనంతా అందులో ఉంది.

ఆ దుర్ఘటన తర్వాతే, జీపీఎస్ పూర్తయ్యాక అందరికీ ఉచితంగా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించాడు. అది ఇవాళ నా జేబులో ఉంది. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి ఊరెళ్తూ, రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో మ్యాప్ చెప్పిందని కాలవ గట్టు మీదికి కారు తోలాను. గట్టు సన్నబడుతోంది, పక్కన నీళ్ళు మెరుస్తున్నాయి, ఫోనులో మాత్రం నీలి గీత దర్జాగా ముందుకే పోతోంది. పోయాను. ముందు చక్రం గట్టు అంచు దాటి గాల్లోకి వేలాడాక ఆపాను. ట్రాక్టరు తెచ్చి లాగినవాళ్ళు నవ్వుకున్నారు. "మూల మీద టీకొట్టు ఉంది కదండీ, అడిగితే పోయేది." పుట్టిపెరిగిన ఊరికి దారి అడగడమేంటని అడగలేదు. నాకు అనుమానం రాలేదని కాదు. వచ్చింది. నీలి గీత కన్నా నా అనుమానం చిన్నదనిపించింది.

కవాయిలో ఉండగా కిలవేయా లైట్‌హౌసు చూడ్డానికి వెళ్ళాం. పొట్టి తెల్లటి కట్టడం, చుట్టూ సముద్రపు పక్షుల అరుపులు. పిల్లలు పది నిమిషాల్లో విసిగిపోయారు. ఆ రాత్రి భోజనాలయ్యాక నాన్న, నేను గది బయట కూర్చున్నాం. ఉత్తరాన ఉన్నదంతా సముద్రమే, ఆ పూట మబ్బు లేదు. నాన్న చెయ్యి చాచి, పిడికిలి మీద పిడికిలి పెట్టి ధ్రువ నక్షత్రాన్ని కొలిచాడు. తాత నేర్పిన విద్య అది. మా ఫ్రీమాంట్ పెరట్లో దాదాపు నాలుగు పిడికిళ్ళొచ్చింది, మా ఊళ్ళో ఒకటిన్నరే.

"రెండు. ఆ పైన కాస్త," అన్నాడు. "ఇంటి దగ్గరికొచ్చేశాం రా."

"అది ఎంత ఉత్తరాన ఉన్నామో చెబుతుంది నాన్నా, అంతే. తూర్పు పడమర తేలాలంటే గడియారం కావాలి. బయల్దేరిన చోటి టైముకి పెట్టి, మార్చకుండా ఉంచిన గడియారం."

గదిలో గోడ గడియారం తొమ్మిది చూపిస్తోంది. నాన్న చొక్కా చెయ్యి పైకి లాగి, ముంజేయి నా మొహం ముందు పెట్టాడు. పన్నెండున్నర.